కొండ మీది చుక్కలు

"పాపకి చీకట్లో ఎప్పట్నుంచి కనిపించట్లేదు?"

అల్ సద్ కంటి క్లినిక్‌లో తెలుగు డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకి కృష్ణప్రసాద్‌కి ఒళ్ళు మండింది.

"దోహాలో చీకటెక్కడుందండీ?"

అతని కూతురు, తొమ్మిదేళ్ళ అమ్ము, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. వీధంతా దీపాలే, పడగ్గదిలోనూ ఓ చిన్న బల్బు. బడిలో పక్కనున్న బల్లలకి గుద్దుకుంటోందని టీచర్ చెబితే తీసుకొచ్చాడు.

"కంటి లోపలి పొర పాడవుతోందండీ. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు, ఆఖరికి మొత్తం. దీనికి మందు లేదు," అందావిడ నెమ్మదిగా.

"భలేవారే! పోయిన నెల సెలవులో ఇండియాలో కొండమీది అబ్జర్వేటరీకి తీసుకెళ్ళాను. శిఖరం మీద ఒక్క దీపం లేదు. ఆకాశం నిండా చుక్కలు. 'అబ్బ!' అని గంతేసింది. పక్కనే ఉన్నాను నేను!"

అంటూనే ఆగిపోయాడు. ఆ రాత్రి మెట్లు దిగుతున్నంతసేపూ అమ్ము తన చెయ్యి వదల్లేదు. గారాబం అనుకుని మురిసిపోయాడు తను.

"చూశావు కదమ్మా? చెప్పు డాక్టర్ గారికి," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

అమ్ము తల వంచుకుంది.

"అందరూ అబ్బ అన్నారు నాన్నా. అందుకే నేనూ అన్నాను."