గిటారు త్రాగిన డీజిలు

కార్తికమాస సాయంసమయంబున పడమట సంధ్యారాగంబు చల్లాఱుచుండ తూర్పున కాటుకకొండలఁబోలు మేఘంబులు క్రమ్ముకొనుచుండ ప్రచండపవనప్రేరితంబులైన బంగాళాఖాత తరంగపరంపరలు నురుఁగులు గ్రక్కుచు గాలిపాలెపుఁ దీరంబునఁ బడి విఱుగుచుండెను. భూగర్భంబునఁ జమురు బావు లొకటొకటిగ నెండిపోవ పెట్రోలు బంకులు మూతవడి మోటారుబండ్లు కోళ్లకు గూళ్లయిన దినంబు లవి.

అట్టి దినంబులలో మైలపల్లి ఎఱ్ఱన్న యా తీరంబుననే గిటారుతో రాక్ కచేరి తలపెట్టెను! ఔరా, పాటకును జమురునకును నేమి చుట్టఱికమందురా? ఆ సంగీతంబు సర్వంబును జమురుబిడ్డయే కదా. గిటారునకుఁ గరెంటు కావలయును. ఆ కరెంటు నిచ్చు జనరేటరునకు డీజిలు కావలయును. అది లేనినాఁ డా దిగంతభేదిరణగొణధ్వని దోమపాటకైన సాటిరాదు.

ఎఱ్ఱన్న బావ కాసులు బామ్మర్ది యన్నఁ బ్రాణము వెట్టువాఁడు. వేఁటకుఁ బోవు తన బోటులోని డీజిలు సగము డబ్బాలోనికిఁ దోడియిచ్చి “ఊరు దద్దరిల్లిపోవాలొరే!” యని నవ్వి మిగిలినదానితోఁ గడలి కేఁగెను.

కచేరి యారంభింపఁబోవునంతలో నెఱ్ఱన్న యక్క మరిడమ్మ కొప్పు వీడ పరుగునవచ్చి వేదిక నెక్కెను.

“తమ్ముడా! డీజిలు అయిపోయి మీ బావ బోటు అదిగో, ఒడ్డుకి కనపడే దూరంలోనే కెరటాల్లో కొట్టుకుంటందిరా. తెడ్లతో ఎవుడూ ఎల్లలేడు. ఆ డబ్బా ఇచ్చెయ్, మనోల్లు ఇంకో బోటేసుకెల్లి లాక్కొత్తారు!”

ఎఱ్ఱన్న డబ్బావంకఁ జూచెను. జనసముద్రంబువంకఁ జూచెను. ఇట్టి జనంబు తనకై గుమిగూడు దినంబునకు జన్మమెల్లఁ గాచియున్నవాఁడు. భయం బయ్యెను, జాలియుఁ గలిగెను. కాని యాశ యా రెంటిని మెడఁబట్టి గెంటెను.

“ఒక్క పాట అవనీ అక్కా. మిగిలిందంతా ఒట్టుకెల్లిపో.”

పాట ముగిసెను. “వన్స్ మోర్!” అని జనం బఱచెను. ఆ మాటకు లొంగని కళాకారుఁడు తెలుగునాఁటఁ బుట్టెనా? మఱల వాయించెను. మఱల నఱచిరి. మరిడమ్మ జనరేటరు కడకుఁ బోయి డబ్బాపైఁ జేయివేయ కచేరివారు చేతులు విఱిచిపట్టి యావలకు నెట్టిరి. ఎఱ్ఱన్న యది చూచెను. చూచియుఁ గన్నులు మూసికొని తీఁగ మీటెను.

కొంతసేపటికి జనరేటరు దగ్గి దగ్గి నిలిచిపోయెను. దీపంబు లాఱెను. గిటారు నోరు పడిపోయెను. ఇంతదాఁక నా మ్రోఁత క్రింద నణఁగియున్న కేక యొకటి కెరటములనుండి వినవచ్చెను.

“ఎర్రన్నా! తాడెయ్యండ్రా! ఎర్రన్నా!”

అది బావ గొంతు. “బావా!” యని యెఱ్ఱన్న మైకులో నఱచెను. మైకు చచ్చియుండెను. చీఁకటిలోని జనం బా కేకయు నీ కేకయుఁ గచేరిలోని వింతయే యని భ్రమించి యీలలు వేయుచు ముక్తకంఠంబున “వన్స్ మోర్! వన్స్ మోర్!” అని యఱచెను.

కడలిమీఁదినుండి మఱల నెవ్వరును బిలువలేదు.