చిన్న తురాయి పుంజు

మా ఊళ్లో కోడిని కొనేవాళ్లు ముందు దాని తలకాయ చూస్తారు. తురాయి ఎంత ఎర్రగా, ఎంత పెద్దగా ఉంటే అంత మురిసిపోతారు. నాకు ఆ తురాయిలంటే మొదటినుంచీ ఒళ్లు మంట. మా చలికాలంలో వంటింట్లోంచి పెరట్లోకి బకెట్టు మోసుకెళ్లేలోపే నీళ్ల మీద పొర కడుతుంది. అలాంటి చోట, తలమీద అరచేయంత తోలుముక్కని ఏ కప్పూ లేకుండా మోసుకు తిరిగే జీవిని కోరి ఎవరైనా తెచ్చుకుంటారా? మావాళ్లు తెచ్చుకుంటారు. పైగా దాన్ని చూసి ఇంటికి కళ వచ్చిందంటారు.

నా పేరు టోంగ్ యూచెన్. మొగుడితో తెగతెంపులు చేసుకుని వచ్చి పుట్టింటి పెరట్లో పడమటి గదిలో ఉంటున్నాను. ఇల్లు మా తమ్ముడు దహాయ్‌ది. పెద్దింట్లో వాడూ, వాడి భార్య ఫెంగ్‌చిన్, మా అమ్మ ఉంటారు. ఏడాది పొడుగునా నేనక్కడ ఉన్నందుకు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మొక్కజొన్న కోయాలన్నా, క్యాబేజీని జాడీల్లో పులియబెట్టాలన్నా, అమ్మకి వీపు రుద్దాలన్నా నేనే కావాలి. చలికాలంలో వచ్చే మా సంవత్సరాది ముందురోజు మాత్రం నేను పనికిరాను. అత్తింటికి వెళ్లిన ఆడపిల్ల ఆ రాత్రి పుట్టింటి దీపం చూస్తే అన్నదమ్ముల సంసారం ఎండిపోతుందట. మొగుణ్ణి వదిలేసిన దాని చూపైతే ఇంకా చెడ్డదట.

కిందటేడు ఆ రాత్రి పట్నంలో, డబ్బిచ్చి వేడినీళ్ల స్నానం చేసి అక్కడే పడుకునే స్నానాల సత్రంలో గడిపాను. వాళ్లిచ్చిన తువ్వాలు కప్పుకుని, నాలాగే ఎక్కడికీ పోలేని ఆడవాళ్ల మధ్య పడుకుని, గోడమీది టీవీలో ఎవరో నవ్వుతుంటే చూశాను. పక్కనామె నిద్రలో ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చచ్చినా మళ్లీ ఇక్కడికి రానని అప్పుడే అనుకున్నాను. ఇంటికొచ్చాక దహాయ్‌తోనూ అన్నాను. వాడు బూట్లు దులుపుకుంటూ, ఇంకా ఏడాది ఉంది కదా, అప్పుడు చూద్దాంలే అన్నాడు.

వేసవి మొదట్లో ముగ్గురం సంతకి వెళ్లాం. సగం ఎదిగిన కోళ్లని బుట్టల్లో పెట్టి అమ్ముతున్నారు. ఫెంగ్‌చిన్ తెల్ల పెట్టల్ని ఎంచుకుంది. అవి రోజూ గుడ్డు పెడతాయని అమ్మేవాడు ఒట్టేసి మరీ చెప్పాడు. దహాయ్ చూపంతా ఒక పుంజు మీదే ఉంది. అప్పటికే దాని తురాయి మందార పువ్వంత ఉంది. సంవత్సరాదికి పోయిన పెద్దల ముందు పెట్టే పుంజు అదేనని తేల్చేశాడు. ఆ విషయంలో చనిపోయిన మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పెద్దలకి పెట్టే పుంజుని బజార్లో కొనకూడదు. అది ఆ ఏడు మన పెరట్లో కూసినదై ఉండాలి. తల, తురాయి చెక్కుచెదరకుండా, మెడ నిలబెట్టి వండి పెట్టాలి. తెల్లారి పెద్దలకి మొక్కడానికొచ్చే మా వంశంవాళ్లందరూ ముందు ఆ పుంజు తలనే చూస్తారు.

నేను మూలనున్న బుట్టలో చేయి పెట్టాను. అందులో ఉన్నవి మా చలిలో తరతరాలుగా బతికిన లిన్‌డియన్ వైపు కోళ్లు. తురాయి బఠాణీ గింజంత ఉంటుంది. నెత్తిన కుచ్చు, గొంతు కింద గడ్డం, గుండ్రటి ఒళ్లు. ఒక్కోదాని రొమ్ము మీద ఈకల్లోకి నోటితో ఊది చూశాను. ఊదినా తోలు కనపడనంత దట్టంగా నూగున్న పెట్టల్నీ, ఒక పుంజునీ మాత్రమే తీసుకున్నాను. కాళ్లనిండా ఈకలున్నవి చూడ్డానికి ముద్దొస్తాయి గానీ వదిలేశాను. మంచులో తిరిగితే ఆ ఈకలకి గడ్డలు కట్టి నడవలేవు. పక్క బుట్టలో లావుపాటి పసుపుపచ్చవి ఉన్నాయి. వాటికి చలి ఆనదు, నిజమే. కానీ పందికి పెట్టినంత పెట్టాలి, గుడ్డు మాత్రం గుర్తొచ్చినప్పుడు పెడతాయి. పెరట్లో గుప్పెడు కోళ్లు పెంచుకునేదానికి అంత షోకు దేనికి?

"అక్కా, ఇవి కోళ్లా, గుడ్లగూబలా?" అన్నాడు దహాయ్.

"గుడ్లగూబ చలికి చావడం నువ్వెప్పుడైనా చూశావురా?"

అమ్మేవాడు పడీపడీ నవ్వాడు. ఫెంగ్‌చిన్ మాత్రం పెదవి విరిచి, వదిన ఏం కొన్నా వదినలాగే ఉంటుంది అంది. ఆ మాట గుచ్చుకోవాలనే అంది. గుచ్చుకుంది కూడా. అయినా నా బుట్ట నేనే మోసుకొచ్చాను.

ఆకులు రాలేసరికి గూళ్ల దగ్గర పేచీ మొదలైంది. ఫెంగ్‌చిన్ తన గూటిని పైనుంచి కిందిదాకా ప్లాస్టిక్ పట్టాతో చుట్టేసింది. సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది, లోపల బల్బు వేలాడదీసింది. మా ఊళ్లో అందరూ చేసేదదే. మనుషులం కిటికీలకి కాగితాలంటించి, కింద నిప్పుండే ఇటుకల అరుగు మీద పడుకుని ఎలా బతుకుతామో, కోళ్లనీ అలాగే బతికించాలనుకుంటారు. నేను చూరు కింద జానెడు సందు వదిలేశాను. నేల మీద ఎండు మొక్కజొన్న ఆకు మోకాలెత్తు పరిచాను. వాలడానికి గుండ్రటి కర్ర కాకుండా వెడల్పాటి చెక్క వేశాను. దాని మీద కూర్చుంటే వేళ్లు పొట్టకింద దాగుతాయి. గాలికి చచ్చిపోతాయక్కా అని దహాయ్ తల పట్టుకున్నాడు. వాటిని చంపేది చలి కాదు, తడి అని చెప్పాను. కోళ్లు రాత్రంతా ఊపిరి వదులుతాయి, రెట్టలు వేస్తాయి, ఆ ఆవిరి బయటికి పోకపోతే తురాయి మీదే దిగి గడ్డకడుతుందని చెప్పాను. ఫెంగ్‌చిన్ గూడు కూడా కాస్త తెరవమన్నాను. ఆమె వినలేదు. మొగుడితో వేగలేనిదానికి కోళ్ల కాపురం బాగా తెలుసే అని వంటింట్లో అంటే ఇటు నాకు వినపడింది.

పన్నెండో నెలలో మా చలి తన అసలు రూపం చూపించింది. ఫెంగ్‌చిన్ ప్లాస్టిక్ పట్టా లోపలివైపు మంచు దూదిలా పట్టింది. పెట్టల తురాయిలు ముందు తెల్లబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి. గుడ్లు ఆగిపోయాయి. దహాయ్ తన పుంజు తురాయికి చలి తగలకుండా పందికొవ్వు రాశాడు గానీ ఏం లాభం, అప్పటికే ఆలస్యమైంది. ఆ మందార పువ్వు మాడిన పుట్టగొడుగులా ముడుచుకుపోయి, ఒక పొద్దున సగం ఊడి పడింది. ఆ పుంజు అలా తల వంచుకుని నిలబడితే నాకు జాలేసింది. దాని తప్పేముంది?

నా కోళ్లు మంచులో గింజలు గీరుకుంటూ తిరిగాయి. రోజూ కాకపోయినా గుడ్లు పెట్టాయి. గుడ్డు గడ్డకట్టి పగిలిపోకుండా చంకలో పెట్టుకుని తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టేదాన్ని. అమ్మకి చూపు బాగా మందగించింది. వెచ్చటి గుడ్డుని చెంపకి ఆనించుకుని, చాలాసేపటికి గానీ వదిలేది కాదు. ఈ ఇంట్లో అమ్మ నోరు విప్పి చాలా కాలమైంది.

సంవత్సరాది ముందురోజు పొద్దున్నే దహాయ్ నా గదికొచ్చాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. సత్రంలో ఈసారి మంచి గది మాట్లాడానన్నాడు, పట్నం దాకా తనే బండిలో దింపుతానన్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

"నీ పుంజు ఇవ్వక్కా. పెద్దల ముందు పెట్టడానికి వేరే లేదు."

"దాని తురాయి బఠాణీ అంత ఉంది కదరా. గుడ్లగూబ కదా అది."

"చిన్నదైనా ఎర్రగా ఉంది. మన పెరట్లోనే కూసింది."

"నేనూ ఈ పెరట్లోనే కూశాను. నీకంటే ముందు కూశాను. నా చేత్తో పెంచిన పుంజు పెద్దలకి పనికొస్తుంది, నేను పనికిరానా?"

"అది ఆచారం అక్కా. నేను పెట్టానా?"

"నువ్వు పెట్టలేదు, సరే. అయితే పూర్తిగా పాటించు. చెడ్డ చూపున్న దాని చేతిగింజలు తిన్న కోడిని నాన్న ముందు పెట్టకు. నల్ల తురాయిది ఉందిగా, అది పెట్టుకో."

వాడి మొహం కందగడ్డయింది. ఊరందరూ చూస్తారక్కా అన్నాడు. చూడనీ అన్నాను. పుంజు వస్తే నా చేతుల్లోనే పెద్దింటి గుమ్మం దాటుతుంది, నేను మళ్లీ బయటికి రాను, తెల్లారేదాకా అమ్మ పక్కనే కూర్చుంటాను, ఇష్టమైతే సరే, లేకపోతే బండి తాళాలు జేబులో పెట్టుకుని వెళ్లు అన్నాను. వాడు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

వాడి జవాబు కోసం నేనాగలేదు. పుంజుని నేనే కోశాను. అప్పుడు ఏడ్చాను, దాచడమెందుకు. ఈకలు తీసి, పుల్ల గుచ్చి మెడ నిలబెట్టి, నా పొయ్యి మీదే వండాను. చీకటి పడుతుండగా పళ్లెం రెండు చేతులా పట్టుకుని పెద్దింటి గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు మూసి ఉంది. చేతులు ఖాళీ లేవు, కాలితో తన్నాను.

తీసింది ఫెంగ్‌చిన్. పుంజుని చూసింది, నన్ను చూసింది, వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. దహాయ్ నేల చూపులు చూస్తున్నాడు. నేను ఇద్దరి మధ్యనుంచీ లోపలికెళ్లి పెద్దల బల్లమీద పళ్లెం పెట్టాను. దీపం వెలుగులో ఆ బఠాణీ గింజ ఎర్రగా నిలబడి ఉంది. వెళ్లి ఇటుకల అరుగు మీద అమ్మ పక్కన కూర్చున్నాను.

"వదినా," అంది ఫెంగ్‌చిన్ మెల్లిగా. "వచ్చారు, సరే. అటు గోడవైపు తిరిగి కూర్చోండి. దీపం కనపడకుండా."

ఆమె అడిగింది కీడుకి భయపడి, నా మీద పగతో కాదు. అది నాకు తెలుసు. తెలిసినా తిరగలేదు. కాళ్లు అరుగు మీదికి ముడుచుకుని దీపానికేసి తిన్నగా కూర్చుని, కళ్లు ఆర్పకుండా చూశాను. దహాయ్ లేవబోయాడు, నన్ను బయటికి పంపడానికో ఏమో.

అప్పుడు అమ్మ చేయి చాచి నా మొహం తడిమింది.

"దహాయ్, ఆ దీపం వత్తి పెంచరా," అంది. "దీని మొహం నాకు సరిగ్గా కనపడటం లేదు."

దహాయ్ లేచాడు. బల్ల దగ్గరికెళ్లి వత్తి పెంచాడు.