పేరు మీద రెండు పూతలు

నిచ్చెన కాళ్ళ కింద చెక్కముక్క దోపి, బూటుతో రెండుసార్లు తన్ని చూసి, ఇక కదలదని నమ్మకం కుదిరాక ఎల్లిస్ పర్డమ్ రంగు డబ్బా మూత ఊడదీశాడు. బూడిదరంగు. వంతెన కమ్ములకీ, పార్కు బల్లలకీ, నీళ్ళ పంపుల గదులకీ ఊరంతా వేసేది అదే. పైన తేలిన నూనె లోపలి రంగుతో కలిసేదాకా కర్రతో అడుగునుంచి కలిపాడు. తొందరపడలేదు. నగరపాలక సంస్థ బోర్డుల విభాగంలో చేరిన ఇరవై రెండేళ్ళలో అతను ఏ పనికీ తొందరపడింది లేదు.

పొడవాటి మనిషి. యాభై ఏడో ఏడు నడుస్తోంది. నిచ్చెన మెట్ల మీద నిలబడీ నిలబడీ అరికాళ్ళ మధ్య అడ్డంగా కాయలు కాశాయి. నేల మీద నడిచేటప్పుడు కూడా మెట్టు కోసం తడుముకుంటున్నట్టు అడుగు వేస్తాడు. నల్లటి వేళ్ళ మీద, గోళ్ళ చుట్టూ, ఎంత తోమినా పోని తెల్లరంగు. వీధి మలుపుల్లో 'ఆగుము', బడుల ముందు 'మెల్లగా', నది ఒడ్డున 'ఈతకు దిగరాదు': ఊరి జనం రోజూ చదివేదాంట్లో సగం అతని చేతిరాతే. ఆ సంగతి జనానికి తెలియదు. అతను చెప్పుకోలేదు.

ఆ మంగళవారం పని పడమటి వాడలో, వ్యాయామశాల పక్కగోడ మీద. 'కర్టిస్ మేబ్రీ, ప్రపంచ బాక్సింగ్ చాంపియన్, ఈ వీధి బిడ్డ.' నిలువెత్తు ఎర్రటి అక్షరాలు. మూడేళ్ళ కిందట నాలుగు రోజులు నిచ్చెన మీదే ఉండి ఎల్లిసే రాశాడు. మేయరు వచ్చి ఫొటో దిగాడు. అందులో ఎల్లిస్ మోచెయ్యి పడింది.

పోయిన శుక్రవారం సైన్యంలో చేరి తీరాలని కాగితం వచ్చిన కర్టిస్ మేబ్రీ, చేర్చుకునేచోట పేరు పిలిస్తే అడుగు ముందుకు వెయ్యలేదు. వియత్నాం వెళ్ళనన్నాడు. అదే రోజు అతని చాంపియన్ బెల్టు లాగేసుకున్నారు. సోమవారం కౌన్సిల్ సమావేశమైంది. మంగళవారం పొద్దున్నే ఎల్లిస్ చేతిలో పని చీటీ పెట్టారు.

రంగు పలచనవడానికి డబ్బాలో టర్పెంటైన్ పోసేటప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగింది. పొయ్యాల్సిన దానికి రెండింతలు పోశాడు. అంత పలచన చేసి ఒక్క పూత వేస్తే, రెండు చలికాలాలు గడిచేసరికి కింది ఎరుపు పైకి తేలుతుంది.

ఎదురింటి అరుగు మీద మిస్ ఆర్డెల్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ మనవడు లొనీ ఫిబ్రవరిలో వియత్నాంలో పోయాడు. కిటికీలో వాడి ఫొటో చుట్టూ కట్టిన నల్లగుడ్డ ఇంకా తియ్యలేదు.

"చెరిపెయ్యి నాయనా," అందావిడ గట్టిగా. "పొద్దున లేస్తే ఎదురుగా అదే. మావాడు వెళ్ళలేదూ? వాడికి భయం లేకనా? రాత్రంతా వాంతులు చేసుకుని పొద్దున్నే బస్సెక్కాడు."

ఎల్లిస్ టోపీ తీసి తల ఊపి, కళ్ళజోడు సవరించుకుని నిచ్చెనెక్కాడు. 'ఈ వీధి బిడ్డ' దగ్గర మొదలుపెట్టాడు.

పదిన్నరకి పోతపని కార్ఖానాలో షిఫ్టు దిగిన ఇద్దరు అన్నం డబ్బాలతో వచ్చి గోడ కింద నిలబడ్డారు. ఒకడు లావు, ఒకడు బక్క. ఇద్దరి కనుబొమల్లోనూ మసి.

"నోరుంది కదాని పేలాడు, అనుభవిస్తున్నాడు," అన్నాడు లావాటివాడు. "చేరితే వాణ్ణి యుద్ధంలోకి పంపేవాళ్ళా? నాలుగు ఆటలు ఆడించి, బూట్లు తుడిపించి ఇంటికి పంపేవాళ్ళు."

"అదే కదా వాడు వద్దన్నది."

"ఓహో, నీతో చెప్పాడా?"

"నాతో చెప్పేదేంట్రా. కొలిమి దగ్గర్నుంచి తప్పించి మెషీను పని ఇమ్మని ఏడేళ్ళుగా అడుగుతున్నా. ఒక్కసారి గట్టిగా కాదని వాళ్ళ మొహమ్మీద అన్నానా? మనిషన్నవాడు ఒకడు అన్నాడు. విని నా వీపు నిటారైంది."

"నీ వీపు నిటారైతే నా తమ్ముడు తిరిగొస్తాడా? వాడక్కడ బురదలో ఉన్నాడు. ఈయన పోకపోతే ఈయన బదులు ఇంకొకడు పోతాడు. అదీ మన వీధివాడే అవుతాడు." తల పైకెత్తాడు. "మీరు చెప్పండి పెద్దాయనా. మీరేమంటారు?"

"తడిరంగు, కాస్త దూరం జరగండి," అన్నాడు ఎల్లిస్.

బక్కవాడు నవ్వాడు. ఇద్దరూ వాదించుకుంటూనే వీధి చివర మలుపు తిరిగారు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యి వేసుకునే ఉన్నారు.

ఎల్లిస్‌ని ఎవరైనా ఏదైనా అడగడమే అరుదు. అడిగినా ఇలాంటి మాటే చెప్పేవాడు. పదకొండేళ్ళ కిందట చనిపోయిన భార్య వెర్లీన్ కూడా, యుద్ధంలో ఏం చేశావని రెండుసార్లు అడిగి మానుకుంది. రాసే పని, అన్నాడామెతో. అబద్ధం కాదు. పందొమ్మిది వందల నలభై నాలుగులో ఫ్రాన్సులో, ఆపిల్ తోటల పక్క పొలంలో, నల్లవాళ్ళ పటాలం చనిపోయిన సైనికులకి గోతులు తవ్వింది. దస్తూరీ బాగుందని అతన్ని తవ్వకం నుంచి తప్పించి కుంచె ఇచ్చారు. తెల్ల చెక్కల మీద నల్లరంగుతో పేర్లు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా పేర్లు. తిరిగొచ్చాక, ఒంటిమీద యూనిఫారంతోనే, బస్టాండు హోటల్లో కాఫీ అడిగితే, నల్లవాళ్ళకి ముందు చోటు లేదని వెనక వంటింటి గుమ్మం దగ్గరికి రమ్మన్నారు. వెళ్ళి అక్కడే తాగాడు.

మూడింటికి 'చాంపియన్' పోయింది. ఇక పేరు మిగిలింది. ఎడమ భుజం పొద్దున్నుంచి లాగుతోంది. దిగి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆసుపత్రి వంటశాలలో పని ముగించుకుని మిసెస్ మేబ్రీ వచ్చింది అప్పుడే. కర్టిస్ తల్లి. తెల్లటి పని గౌను, ఉబ్బిన చీలమండలు, చేతిలో కాగితపు సంచి. గోడని ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. ఎల్లిస్ లేచి నిలబడ్డాడు.

"క్షమించండమ్మా. పని చీటీ ఇచ్చారు."

"మీ తప్పేముంది, మిస్టర్ పర్డమ్." తన పేరు ఆవిడకి తెలిసినందుకు అతను బిత్తరపోయాడు. "అప్పుడు రాస్తుంటే రోజూ చూశాను. కర్టిస్‌లో చివరి 'ఎస్' అక్షరం మూడుసార్లు చెరిపి మళ్ళీ రాశారు. మావాడి పేరుకి అంత శ్రద్ధ బళ్ళో టీచర్లు కూడా చూపించలేదు."

ఆవిడ గోడకి దగ్గరగా వెళ్ళి, ఆరుతున్న బూడిదరంగుని కళ్ళు చికిలించి చూసింది. కింద ఎర్రటి నీడ.

"ఇది పలచగా ఉంది."

ఎల్లిస్ రంగు డబ్బా వైపు చూశాడు.

"ఎందుకు వేశారో నాకు తెలుసు. మంచి మనసే. కానీ అలా వద్దు. సగం మాసిపోయిన వాడి పేరు చూసుకుంటూ రోజూ నేను పనికి పోలేను. కనబడితే పూర్తిగా కనబడాలి. లేకపోతే లేదు. చిక్కగా రెండు పూతలు వెయ్యండి."

"సరేనమ్మా."

ఆవిడ కదలలేదు. ఎదురరుగు మీద మిస్ ఆర్డెల్ వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళ స్నేహం. శుక్రవారం నుంచి మాటల్లేవు. "మీరు యుద్ధానికి వెళ్ళొచ్చారట. మావాడి మీద మీకు కోపం ఉందా? నిజం చెప్పండి. అందరూ నా మొహం చూసి తియ్యగా చెబుతున్నారు."

ఎల్లిస్ చేతిలో గుడ్డని మడిచాడు, విప్పాడు.

"ఉందమ్మా," అన్నాడు చివరికి. "నాకూ కాగితం వచ్చింది. వెళ్ళాను. వెళ్ళనని అనొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట ఒకటుందని యాభై ఏడేళ్ళకి, రేడియోలో మీవాడి నోట విన్నాను. నా కోపం వాడి మీదో, నా మీదో తేల్చుకోలేకపోతున్నాను."

మిసెస్ మేబ్రీ సంచిలోంచి ఒక నారింజ తీసి అతని చేతిలో పెట్టి, వీధి దాటింది. మిస్ ఆర్డెల్ అరుగు ముందు ఆగింది. ముసలావిడ తల తిప్పుకుంది. కొంతసేపటికి, తల తిప్పుకునే, పక్కనున్న ఖాళీ కుర్చీ మీది వార్తాపత్రిక తీసి ఒళ్ళో పెట్టుకుంది. మిసెస్ మేబ్రీ కూర్చుంది.

ఎల్లిస్ నారింజ అక్కడే ఒలిచి తిన్నాడు. కొత్త డబ్బా తెరిచాడు. ఈసారి టర్పెంటైన్ ముట్టుకోలేదు. మొత్తం గోడ మళ్ళీ మొదటినుంచి వేసుకొచ్చి, పేరు మీద చిక్కగా ఒక పూత, అది తడారాక ఇంకొకటి వేశాడు. 'ఎస్' ని చిట్టచివర మూశాడు. ఎక్కడా గీత పడలేదు, చార కారలేదు. చెయ్యి తిరిగిన పని.

పొద్దు గుంకేవేళకి ట్రక్కుతో వచ్చిన మేస్త్రీ కెస్లర్ గోడ చూసి ఈల వేశాడు. తెల్లవాడు, చెడ్డవాడు కాడు. నిచ్చెన ఎక్కించడంలో సాయం పట్టాడు. ఎల్లిస్ మొహం పాలిపోయి ఉందని గమనించి, కిటికీ అద్దం దించమన్నాడు.

దారిపొడుగునా కెస్లరే మాట్లాడాడు. "మా ఆవిడేమో వాణ్ణి జైల్లో వెయ్యాలంటుంది. మా పెద్దాడికి వచ్చే నెల పద్దెనిమిది, ఇక వాడికీ సైన్యం కాగితం వస్తుంది. రాత్రి అన్నం దగ్గర వాడేమన్నాడో తెలుసా, ఆ మేబ్రీ అన్నదాంట్లో తప్పేముంది నాన్నా అన్నాడు. నా చేతిలో చెంచా చేతిలోనే ఉంది. తిట్టాలో, లేచి వాణ్ణి వాటేసుకోవాలో తోచలేదు. నువ్వేమంటావ్ ఎల్లిస్?"

జవాబు రాలేదు. ఎల్లిస్ ఎప్పుడూ అంతే కనక కెస్లర్ ఇంకో రెండు వీధులు మాట్లాడుతూనే నడిపాడు. వంతెన ముందు ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు పక్కకి చూశాడు. ఎల్లిస్ తల కిటికీకి ఆని ఉంది. నది మీంచి గాలి వస్తోంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. దీపం పచ్చగా మారింది. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి. కెస్లర్ ఇంజను ఆపేసి, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

వ్యాయామశాల గోడకి ఒకే ఒక కిటికీ. దాని గూట్లో, చెమట తుడుచుకోవడానికి తీసిపెట్టిన ఎల్లిస్ కళ్ళజోడు ఉండిపోయింది. ఒక కాడకి దారం చుట్టి ఉంది, అద్దాల మీద సన్నటి బూడిదరంగు తుంపర.