ఒక మీటరు దూరంలో ఒక మొహం

భార్య పోయిన ఏడాదికి రఘునాథన్‌కు ఒక పిచ్చి పట్టింది. దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఉండే మసక వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఒక మనిషి మొహాన్ని ఫిలిం మీద పట్టుకోవాలి. ప్రేమ అని ఆమె పేరు. బతికున్నన్నాళ్లూ అదే అడిగింది, వంటింట్లో తను ఉన్నది ఉన్నట్టుగా ఒక్క ఫోటో తియ్యమని. ఈయనగారు ప్రతిసారీ వెలుతురు చాలదని ఆమెను ఎండలోకి లాక్కొచ్చాడు. అందుకే ఏ ఫోటోలో చూసినా పాపం ఆమె కళ్లు చికిలించుకునే ఉంటుంది. రేంజ్‌ఫైండర్ కెమెరా మంచిదే, దాని లెన్సుకే పొద్దుగూకితే చూపు ఆనదు. లెన్సు మారిస్తే సరిపోతుందని అప్పుడు తోచనే లేదు.

మిషన్ వీధి పక్క సందులో పాత కెమెరాలు బాగుచేసి అమ్మే కార్తికేయన్‌దీ, ఆ తమిళ ఊళ్లో, తనలాగే తెలుగిల్లే. అతను రెండు లెన్సులు ముందు పెట్టాడు. రెండూ యాభై ఎం.ఎం.లే, నోరు తెరుచుకునే కొలతలోనే తేడా. ఎఫ్ టూ చిన్నది, తేలిక, పేచీ లేనిది. వన్ పాయింట్ ఫోర్ దానికి రెట్టింపు వెలుతురు తాగుతుంది గానీ బరువు. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో ఒక మూల కప్పేస్తుంది. పైగా ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా ఊరుకోదు. రఘునాథన్ దీన్ని దించి దాన్ని, దాన్ని దించి దీన్ని ఎత్తి చూస్తూ కూర్చున్నాడు. తన పాత్రల కొట్లో బిందె ఎంచుకోలేక తేల్చుకోలేక నిలబడేవాళ్లను ఇన్నేళ్లు విసుక్కున్న పెద్దమనిషి ఈయనే.

"రెండూ ఎత్తుకపోండి సార్. ఇంట్లో ఎవురినైనా ఒక మీటరు దూరాన కూచోబెట్టి, లెన్సు పూరా తెరిచి తీయండి. ఫిలిం నేను కడిగిస్తా. ఏది కావల్నో ఆ మొహమే చెప్తాది" అన్నాడు కార్తికేయన్.

గోరిమేడులో తన ఇంటి తలుపు తీశాక గానీ రఘునాథన్‌కు చిక్కు తెలిసిరాలేదు. ఎవరిని కూచోబెట్టాలి? ఎదురింటి వేదవల్లి టీచరు కనిపించినప్పుడల్లా పలకరిస్తుంది, కానీ సాయంత్రంపూట లోపలికొచ్చి కూచోమని ఆమెను అడగడానికి మొహం చెల్లలేదు. కొట్లో పనివాళ్లు షట్టరు దించీ దించగానే బస్సుకు పరుగెడతారు. తమ్ముడు దామోదరన్‌కు ఫోన్ చేస్తే, సెల్‌లో తీసుకుంటే పోలేదా అని నవ్వి పెట్టేశాడు. ఊళ్లో సగం మంది తెలిసినవాళ్లే. వాళ్లలో పిలిచి ఎదురుగా కూచోబెట్టుకోదగ్గవాళ్లు ఒక్కరూ లేరు. అది తలకెక్కేసరికి ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

చివరికి ప్రేమ పటమే దిక్కయింది. గోడకున్న పటానికి దండ, పైన ఎప్పుడూ వెలిగే జీరో వాట్ బల్బు. మీటరు దూరంలో స్టూలు వేసుకుని కూచున్నాడు. రేంజ్‌ఫైండర్‌లో నడుమ చిన్న చదరం ఉంటుంది. అందులో రెండుగా కనిపించే బొమ్మ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. ఆ మసకలో మొహం ఎంతకీ చిక్కలేదు. ముక్కుపుడక మాత్రం తళుక్కుమంది. ఆ మెరుపును రెండు నుంచి ఒకటి చేసి, ఊపిరి బిగబట్టి, రెండు లెన్సులతోనూ ఫిలిం అంతా తీశాడు.

ప్రింట్లు వచ్చాక కార్తికేయన్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ముక్కుపుడక మెరుపు మీదే ఫోకస్ చేశానని రఘునాథన్ చెప్పాడు.

"లెన్సులో కొరత ఏమీ లేదు సార్. మీరు ఫోకస్ చేసింది అమ్మ మీద కాదు. పటం అద్దంలో మీరే కనపడతా ఉండారు, అద్దంలో నీడ పటం కంటే ఎనకాల నిలుస్తాది. ఆ మెరుపు మీ చేతిలో కెమెరాది."

రఘునాథన్ వంగి చూశాడు. ఎఫ్ టూ తీసిన దాంట్లో ప్రేమ ఆనవాలు కొంచెం తెలుస్తోంది. వన్ పాయింట్ ఫోర్ దాంట్లో ఆమె కరిగిపోయింది, మొహమూ దండా కలిసి తెల్లటి మరక. ఆ మరక మీద స్పష్టంగా, చొక్కా గుండీతో సహా, కెమెరా పట్టుకున్న ముసలాయన ఒక్కడే ఉన్నాడు. తన ఇంట్లో తను ఎలా ఉన్నదీ ఆయన చూడటం అదే మొదలు.

కార్తికేయన్ మాట మార్చబోయి, పాపం, మామూలు ప్రశ్నే అడిగాడు. "ఇంట్లో ఎంతమందిని తీస్తారు సార్ మామూలుగా? ఇద్దురు ముందూ ఎనకా ఉంటే ఎఫ్ టూనే మేలు, ఇద్దురూ దక్కుతారు. ఒకురే అయితే ఈ పెద్దది ఎత్తుకోండి."

"ఒకరే" అన్నాడు రఘునాథన్.

పెద్ద లెన్సు కెమెరాకు బిగించి, కొత్త ఫిలిం ఎక్కించాడు. బయట పొద్దు వాలింది, కొట్లో మసకగా ఉంది. ఇన్నాళ్లుగా ఎవరినీ అడగలేని మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది.

"ఒక నిమిషం అట్ల కూచుంటావాప్పా?"

కార్తికేయన్ లైటు వేయబోయి ఆగాడు. తల సవరించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూచున్నాడు. రఘునాథన్ మీటరు దూరానికి జరిగి కెమెరా కంటికి ఆనించాడు. చదరంలో ఇద్దరు కార్తికేయన్‌లు మెల్లగా దగ్గరై ఒక్కడయ్యారు. కనుబొమ్మల మధ్య గీత, రెప్ప కొట్టడం, తన వైపే చూస్తున్న రెండు కళ్లు.

"అయ్యిందా సార్?"

"ఇంకొంచేపు ఉండు."

ఫోకస్ ఎప్పుడో కుదిరింది. ఆయనకే కెమెరా దించబుద్ధి కాలేదు.