మల్లేశం ఫోనుకు పోయిన కబురు

సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక ఒమాన్‌లో మేముండే సీబ్ సముద్రం ఒడ్డున నిలబడి మా ఆయన, "హఫ్సా, దీపాలు పూసినాయి చూడు" అనేవాడు. వీధి దీపాల చుట్టూ రంగురంగుల రేకులు విచ్చుకుంటాయట. నాకు మామూలు బల్బులే కనిపించేవి. పెళ్లయిన ఇన్నేళ్లకు ఈయనకు కవిత్వం పట్టుకుందని మురిసిపోయాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మా ఆయన జహీరుద్దీన్‌ది ప్రొద్దుటూరు. ఇక్కడ మా వీధి పిల్లల్ని సొంత వ్యాన్‌లో బడికి తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఆ వ్యానే మా బతుకు. ఫుల్ ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క బిడ్డను కూడా ఎక్కించుకోనని మొదటి రోజే తల్లులకు మాట ఇచ్చాడు. అలాంటిది ఈ వేసవి సెలవుల్లో పాలసీ రెన్యువల్‌కు వెళితే ఇన్సూరెన్స్ కంపెనీ కుదరదంది. ఎందుకో చెప్పలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దే గడిచేది కాదు. మధ్యాహ్నాలు సముద్రం మీది నుంచి తెల్లటి ఆవిరి వచ్చి కిటికీ అద్దాలకు అంటుకునేది. దాని వెనక వ్యాన్ ఉండీ లేనట్టు కనిపించేది. ఆయన ఏసీ కింద కూర్చుని అటే చూసేవాడు. నిద్రలో ఉన్నాడో మెలకువగా ఉన్నాడో తెలిసేది కాదు. నాకూ కలలోనే వంట చేస్తున్నట్టు, కలలోనే బట్టలు ఆరేస్తున్నట్టు ఉండేది.

"వ్యాన్ అమ్మేస్తా. ఊరికి పోదాం" అన్నాడు ఒకనాడు.

"ఎందుకు అమ్మేది? ఇంకో కంపెనీకి పోదాం."

"యాడికి పోయినా అంతే. వాళ్లకు తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"నీకెందుకు అదంతా" అని అటు తిరిగి పడుకున్నాడు.

నాకు తిక్క రేగింది. కాదన్నవాడు కారణం చెప్పాలా వద్దా? కూరగాయల కొట్టువాడు కూడా టమోటాలు లేవంటే లారీ రాలేదని చెబుతాడు. మర్నాడు బురఖా వేసుకుని, పాత పాలసీ, ఆయన రెసిడెంట్ కార్డు, నా కార్డు పట్టుకుని ఒక్కదాన్నే టాక్సీ ఎక్కి ఆఫీసుకు వెళ్లాను.

అక్కడ ఉమైమా అనే ఒమానీ అమ్మాయి కూర్చుని ఉంది. హిందీ చక్కగా మాట్లాడింది. కార్డులు చూసి, కంప్యూటర్‌లో వెతికి, "మీ ఆయన డ్రైవింగ్ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన క్రెడిట్ రిపోర్టు బాగాలేదు. వాయిదాల మీద తీసుకున్న ఫోన్ ఒకటి ఉంది, కట్టడం ఆగిపోయింది. అది చూసి కాదన్నాం" అంది.

"ఆ మాట మాకు చెప్పొద్దా తల్లీ?"

"చెప్పాలి. రిపోర్టు చూసి కాదంటే ఆ సంగతి చెప్పాలి, రిపోర్టు ఎవరిచ్చారో చెప్పాలి, తప్పుంటే ఎలా సరిచేయించుకోవాలో కూడా చెప్పాలి. మా కంపెనీ నియమం అది. రిపోర్టులో ఉన్న నంబరుకు ఆ రోజే మెసేజ్ పంపాం" అని స్క్రీన్ నా వైపు తిప్పింది. నంబరు చూసి తల పట్టుకున్నాను. అది మల్లేశం నంబరు.

ఇక్కడ మనవాళ్లకు ఒక అలవాటుంది. కొత్తగా దిగినవాడికి కార్డు వచ్చేదాకా, ముందొచ్చినవాడు తన పేరు మీద సిమ్ తీసిస్తాడు. మల్లేశం జగిత్యాల వైపు మనిషి, ఇక్కడ రుస్తాఖ్ అనే ఊళ్లో ఇళ్లు కట్టే పని. మా ఆయన అతనికి సిమ్ తీసిచ్చాడు, వాయిదాల మీద ఫోనూ ఇప్పించాడు, ఆ సంగతే మరిచిపోయాడు. ఈయనకు పేరు ఇవ్వడమంటే పక్కింటికి కరివేపాకు ఇచ్చినట్టే.

అక్కడి నుంచే మల్లేశానికి ఫోన్ చేశాను.

"అవ్ భాభీ, ఏదో ఇంగ్లీషుల మెసేజ్ అచ్చింది. ఏదో ఆఫరనుకొని తీసేసిన" అన్నాడు. గొంతు తగ్గించి, "మా సైట్ బందయింది భాభీ. జీతాల్లేవు. ఫోన్ పైసలు కట్టలే. భాయ్‌కి ఎట్ల చెప్పాల్నో సమజ్ కాలే."

నాలుగు దులుపుదామనే చేశాను. ఆ గొంతు విన్నాక నోరు రాలేదు. దాచుకున్న దాంట్లోంచి ఆ బాకీ తీర్చేసి ఉమైమాకు రసీదు చూపించాను. రిపోర్టు సరికాగానే పాలసీ ఇస్తామంది.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. కాళ్లు నేల మీద ఆనలేదు. "లేయండి. మీ మీద వాళ్లకు ఏ అనుమానమూ లేదంట. అంతా మల్లేశం ఫోన్ గొడవ" అన్నాను.

ఆయన లేచి కూర్చున్నాడు. ఎన్నాళ్లకో ముఖం విప్పారింది. "అంటే నా కండ్ల సంగతి వాళ్లకు తెలీదా?"

నేను ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాను.

"కండ్లకేమైంది?" అన్నాను.

"పొర కమ్మింది హఫ్సా. లైట్లు చూస్తే చెదిరిపోయి రేకులైపోతాయి. ఎదురొచ్చే బండి దగ్గరుందో దూరముందో తెలీదు. ఈ సంగతి ఎట్లనో పసిగట్టే కాదన్నారనుకున్నా."

నేను మురిసిన పూలు అవి. ఆ కళ్లతోనే ఆయన ఇన్నాళ్లూ పిల్లల్ని తీసుకొస్తూ వచ్చాడు. నాకు కోపమొచ్చింది, దానికంటే ఎక్కువగా ఏడుపొచ్చింది.

బడులు తెరిచే ముందు రోజు పాలసీ వచ్చింది. సాయంత్రం ఆయన వ్యాన్ మీద ఇసుకంతా కడిగి లోపలికి వచ్చాడు. "పొద్దుటి పూట బాగానే కనపడుతుంది. తర్వాత సెలవుల్లో బౌషర్ ఆస్పత్రిలో చూపించుకుంటాలే" అని తాళాల కోసం చెయ్యి చాపాడు.

తాళాలు నా గుప్పిట్లో ఉన్నాయి. "కంపెనీవాళ్లు కారణం చెప్పలేదని నేను ఎంత గొడవ చేసినాను? ఈ బిడ్డల తల్లులకు మీరు చెప్పొద్దా?"

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు. "అస్రా వాళ్లమ్మకు కలుపు. పేర్లు మసగ్గా ఉన్నాయి."

కలిపి, స్పీకర్ పెట్టాను.

"సలాం బెహన్. రేపటి నుంచి పాపను నేను తీసుకపోలేను. బండి బాగుంది, ఇన్సూరెన్స్ ఉంది. నా కండ్లే బాగలేవు. మీకు చెప్పాల కదా, అందుకే చేసినా."

ఆమె మెల్లగా అడిగింది. "ఎన్నాళ్ల నుంచి భాయ్?"

ఆయన నా వైపు చూశాడు. నేను సాయం రాలేదు.

"పోయిన చలికాలం నుంచి" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. కిటికీ బయట వీధి దీపాలు వెలిగాయి. ఆయన వాటి వైపు చూడలేదు. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని, "తర్వాత ఎవరు?" అన్నాడు.