డబ్బా కొంటే చొక్కా

కిష్టసామి షాకాస్‌క్రాల్ అనే ఊళ్ళో ఇళ్ళకు రంగులు వేసేవాడు. అతనికి పనిలో తోడు బొంగాని. ఇద్దరిదీ ఒకే ఈడు. చెరుకు మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో పక్కపక్కన పెరిగారు కాబట్టి కిష్టసామికి తెలుగు కంటే బొంగాని వాళ్ళ భాష జులూయే బాగా వచ్చు.

అది ఎన్నికల సంవత్సరం. దేశంలో మొదటిసారి తెల్లవాళ్ళే కాక నల్లవాళ్ళూ, ఇండియన్లూ, అందరూ ఓటు వేయబోతున్నారు. పట్నాల్లో అదో పండుగలా ఉండేది. పక్కనున్న స్టాంగర్ పట్నం దాటి కొండల్లోకి పోతే మాత్రం ఒక్కో లోయ ఒక్కో పార్టీది. ఒకరి లోయలో ఇంకొకరి రంగులు తొడుక్కుని తిరిగినవాళ్ళు కొందరు ఇళ్ళకు చేరలేదు.

ఆ రోజుల్లోనే కొంగ గుర్తు హెరాన్ పెయింట్స్ తరఫున ట్రెవర్ అనే సేల్స్‌మన్ స్టాంగర్‌లోని జనార్దన్ హార్డ్‌వేర్ షాపుకు వచ్చాడు. పెయింటర్లందరినీ పిలిచి, తలా ఒక కూల్‌డ్రింకు చేతిలో పెట్టి చెప్పాడు.

"మా డబ్బాల్లో కొన్నిటికి మూత లోపల ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. చొక్కా బొమ్మ బిళ్ళ తెస్తే చొక్కా. నిచ్చెన బొమ్మది తెస్తే నిచ్చెన. ఇంకో కంపెనీ పెయింటు ముట్టకండి, మిమ్మల్ని రాజుల్లా చూసుకుంటాం."

కిష్టసామికి రెండు చొక్కాలు వచ్చాయి. నలుపు, ఆకుపచ్చ, పసుపు పట్టీలు, వీపున పెద్ద తెల్ల కొంగ. వాటిని చూసి అతని భార్య అమ్మణి మొహం చిట్లించింది.

"ఏటయ్యా ఇది? పార్టీ జెండా లాగుంది."

"పెయింటు కంపెనీది. కొంగ కనపడలేదా నీకు?"

"కొంగ వీపు మీదుంది. ఎదురొచ్చినోడికి రంగే కదా కనపడేది."

కిష్టసామి నవ్వేసి ఒక చొక్కా బొంగానికి ఇచ్చాడు. బొంగాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. మర్నాడు పనికి అదే తొడుక్కుని వచ్చాడు. కిష్టసామి మాత్రం కొత్త చొక్కా మీద మరకలు పడతాయని పాతదే వేసుకున్నాడు.

పని కొండల్లో ఒక బడికి. బక్కీ అనే చిన్న ట్రక్కు వెనక తొట్టిలో పెయింటు డబ్బాలు, నిచ్చెన వేసుకుని పొద్దున్నే బయల్దేరారు. తారు రోడ్డు అయిపోయి ఎర్రమట్టి దారి మొదలయ్యాక, ఒక మలుపులో దారికి అడ్డంగా దుంగ కనిపించింది. కిష్టసామి బ్రేకు వేసేలోపే చెరుకు తోటలోంచి మనుషులు వచ్చి బండిని చుట్టేశారు. చేతుల్లో దుడ్డుకర్రలు, బల్లేలు. అందరికంటే పొడుగాటి మనిషి చేతిలో నాటు తుపాకీ.

అతను కిష్టసామిని చూడనే లేదు. బొంగాని వైపు తలుపు తెరిచి, చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"ఎవరిచ్చారిది?"

"షాపువాళ్ళు."

"షాపువాళ్ళు చొక్కాలు అమ్ముతారు. ఊరికే ఇచ్చేది ఆ పార్టీవాళ్ళే."

ఎవరో వెనకనుంచి కర్రతో భుజం మీద కొట్టారు. బొంగాని మోకాళ్ళ మీద పడ్డాడు. పొడుగాటి మనిషి అప్పుడు కిష్టసామి వైపు తిరిగాడు.

"నువ్వు పో. ఇండియన్లతో మాకు గొడవ లేదు. బండి తిప్పుకుని పో."

ఇంజను ఇంకా ఆడుతోంది. కిష్టసామి చెయ్యి గేరు మీదే ఉంది. పోతే బతుకుతాను అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. గేరు వెనక్కి వేశాడు కూడా. బొంగాని తల ఎత్తలేదు, పిలవలేదు. నేలకేసి చూస్తున్నాడు. పిలిచి ఉంటే ఏం చేసేవాడో కాని, ఆ పిలవకపోవడం చూసి కిష్టసామి గేరు మీంచి చెయ్యి తీశాడు. ఇంజను ఆపి దిగాడు.

"అన్నా, ఆ చొక్కా నాది. నేనే ఇచ్చాను. పెయింటు కొంటే ఇస్తారు."

"పెయింటు కొంటే పెయింటు ఇస్తారు. చొక్కా ఎందుకిస్తారు?"

"మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనాలని."

ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కిష్టసామి బిళ్ళల సంగతి చెప్పాడు.

"సరే, చూపించు," అన్నాడు పొడుగాటి మనిషి.

అన్ని డబ్బాల్లోనూ బిళ్ళలు ఉండవని కిష్టసామికి తెలుసు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. తొట్టి ఎక్కి, స్క్రూడ్రైవర్‌తో ఒక డబ్బా మూత లేపాడు. తిప్పి చూశాడు. పెయింటు తప్ప ఏమీ లేదు.

"అయిపోయిందా?" అన్నాడు కింద నుంచి ఆ మనిషి, మెత్తగా.

"ఇంకొకటి తీస్తాను."

స్క్రూడ్రైవర్ జారి వేలు తెగింది. నొప్పి తెలియలేదు. బొంగాని చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరగడం కంటికొసన కనిపిస్తోంది. మూత ఊడింది. తెల్లటి పెయింటు కారుతున్న మూత లోపల అరచేత్తో తడిమాడు. ఏదో గట్టిగా తగిలింది. గోళ్ళతో పీకి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు.

పొడుగాటి మనిషి దాన్ని వెలుగుకేసి పట్టుకుని చూశాడు.

"ఇది నిచ్చెన."

"అవును. దీనికి నిచ్చెన ఇస్తారు. చొక్కా బొమ్మ ఉన్నదానికి చొక్కా."

"నిచ్చెన? ఊరికే?"

"ఊరికే. స్టాంగర్‌లో షాపు. మీరు తీసుకెళ్ళినా ఇస్తారు."

బిళ్ళ చేతులు మారింది. ఒకతను కొరికి కూడా చూశాడు. చివరికి పొడుగాటి మనిషి దాన్ని జేబులో వేసుకున్నాడు. బొంగాని చేత చొక్కా విప్పించి, తెరిచిన డబ్బాలో ముంచి, దుంగ మీదికి విసిరాడు.

"బడికి మేమే రంగు వేసుకుంటాం. వెనక్కి పొండి."

మళ్ళీ తారు రోడ్డు ఎక్కారు. బొంగాని ఒంటి మీద చొక్కా లేదు. భుజం మీద దెబ్బ తేలి ఊదారంగుకు తిరుగుతోంది.

"ఆ రంగులు నాకు తెలుసు," అన్నాడు బొంగాని. "వద్దంటే నొచ్చుకుంటావని వేసుకున్నాను. ఇంకెప్పుడూ నాకేమీ ఇవ్వకు, కిష్టా."

కిష్టసామి తలూపాడు. అప్పుడే అతనికి మిగతా పెయింటర్లకు ఇచ్చిన చొక్కాలు గుర్తొచ్చాయి. ఆస్పత్రికి పోదామంటే బొంగాని వద్దన్నాడు. "ముందు షాపుకు పోనీ," అన్నాడు.

షాపులో ట్రెవర్ ఉన్నాడు. కౌంటర్ మీద చొక్కాల దొంతర. కిష్టసామి జరిగింది చెబితే ట్రెవర్ నవ్వబోయాడు.

"రంగులు కేప్‌టౌన్ ఆఫీసులో ఎంచారయ్యా. బాగా కనపడతాయని—"

గుమ్మంలో నిలబడ్డ బొంగాని భుజం చూసి ఆగిపోయాడు. వెంటనే చొక్కాలన్నీ పెట్టెలో కుక్కడం మొదలుపెట్టాడు.

"ఇంకా ఎవరెవరు తీసుకున్నారు?" కిష్టసామి అడిగాడు.

జనార్దన్ తల పట్టుకున్నాడు. "పెయింటర్ రెజీ తీసుకున్నాడు. తనకీ, పనోళ్ళకీ. పొద్దున ఇక్కడే తొడుక్కుని కొండల మీద పనికి పోయారు."

ఏ కొండల మీదికో జనార్దన్‌కు తెలియదు. రెజీ ఇంటికి పోయి అడిగితే అతని భార్య శారదకూ తెలియదు. కిష్టసామి, బొంగాని ఆమెతో పాటు గేటు దగ్గరే నిలబడ్డారు. విషయం విన్నప్పటినుంచి ఆమె కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. దూరంగా ఇంజను చప్పుడు వినిపిస్తే చాలు, గేటు ఊచను గట్టిగా పట్టుకునేది. చెరుకు లారీలు పోయాయి. పోలీసు బండి పోయింది. దాని వెనకే కాసేపు చూస్తూ ఉండిపోయారు.

పొద్దు వాలేవేళ రెజీ బక్కీ మలుపు తిరిగింది. ముందు రెజీ, వెనక తొట్టిలో ఇద్దరు పనివాళ్ళు. ముగ్గురి ఒంటి మీదా ఆ చొక్కాలే. ముగ్గురూ నవ్వుతున్నారు.

"ఏటి మ్యాన్, అందరూ నా గేటు కాడ?" అంటూ దిగాడు రెజీ. "ఈ చొక్కా మహిమ చూడాల నువ్వు! దారంతా జనం పిడికిలెత్తి పలకరించినారు. పిల్లలు బండెంట పరిగెత్తినారు. మాకు టీ పోసినారు కూడా."

వాళ్ళు పోయిన లోయ ఆ రంగుల పార్టీదే. బొంగాని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"రేపెక్కడ పని?" అడిగాడు కిష్టసామి.

రెజీ ఊరి పేరు చెప్పాడు. ఎర్రమట్టి దారి మీదే, దుంగ అడ్డం పెట్టిన మలుపు దాటాక.

శారద గేటు తీసుకుని రోడ్డు మీదికి వచ్చింది. "విప్పు," అంది భర్తతో. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె అతని గుండీలు తనే విప్పడం మొదలుపెట్టింది.