అన్నయ్య వెళ్ళిన పూట

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆమెను, నలభై దాటినా అందరూ కళ్ళజోళ్ళమ్మాయి అనే పిలుస్తారు. ఆ అమ్మాయికి ఈ వయసులో కథల పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున్నే లైబ్రరీ మేడ మీద ఒక రిటైరైన ప్రూఫ్‌రీడరు కథలు రాయడం నేర్పుతాడు. మనిషి మంచివాడే గానీ, కథ చేతికిస్తే మాత్రం ఉతికి ఆరేస్తాడు.

ఆమె రాసుకొచ్చింది సొంత అన్నయ్య కథ. ఇరవై రెండేళ్ళ కిందట అతను అమ్మతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్ళాడు. నెల తిరక్కుండానే పనిచేసే చోట ప్రమాదంలో పోయాడు. వెళ్ళిన పూట ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. దాని గురించి ఆవిడ ఇంతవరకూ నోరు విప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

"అన్నయ్య కోపంగా వెళ్ళిపోయాడు" అన్న వాక్యం మీద ప్రూఫ్‌రీడరు వేలు పెట్టాడు.

"ఎలా వెళ్ళాడు?"

"నాకేం తెలుసండీ? నేనప్పుడు కాలేజీలో ఉన్నాను."

"మీకు తెలియకపోతే పోయింది, కథకి తెలియాలి కదమ్మా. కల్పించండి. రాశాక, ఆ సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్ళకి చదివి వినిపించండి. అప్పటిదాకా నాకు చూపించొద్దు."

అక్కడ అందరికీ అదే షరతు. ఆమెకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పోయినవాడి మీద అబద్ధం రాయడమా? పైగా దాన్ని అమ్మకు వినిపించడమా? విని అమ్మ తనతో మాటలు మానేస్తే? ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఇద్దరే.

పదకొండుసార్లు రాసి చింపేసింది. అన్నయ్య చేత కన్నీళ్ళు పెట్టించింది, క్షమాపణ చెప్పించింది, గుమ్మంలో ఆగి ఉపన్యాసం కూడా ఇప్పించింది. ఒక్కటీ అన్నయ్యలా లేదు. పన్నెండోసారి విసుగొచ్చి ఆమె ఏమీ చేయించలేదు. వీధిదాకా వెళ్ళినవాడు తనంతట తనే వెనక్కి వచ్చాడు. కుట్టుమిషను ముందు తంటాలు పడుతున్న అమ్మ చేతిలోంచి దారం లాక్కుని, సూదిలోకి ఎక్కించి, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ చదువుకుంది. అది తను రాసినట్టే లేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఎదురుగా కూర్చుని చదివింది. అమ్మ బట్టలు మడతపెడుతూ చివరిదాకా విన్నది.

"అలా జరగలేదు. వాడు తలుపు విసిరికొట్టి పోయాడు. నేనూ పిలవలేదు."

ఆ పూట గురించి అమ్మ నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. కళ్ళజోళ్ళమ్మాయి గబగబా కాగితాలు మడిచింది.

"తప్పయిపోయిందమ్మా. తీసేస్తాను."

"తీసేయమన్నానా? మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. దారం దగ్గరికి వచ్చేసరికి అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ రోజు అంతా కళ్ళారా చూసిన మనిషి, ఏమీ చూడని కూతురి మొహంలోకి ఆశగా చూసింది.

"ఏ రంగు దారమే అది?"

తను పట్టుకున్నది ఎంత పెద్ద పనో కూతురికి అప్పుడు తెలిసింది. ఆ క్షణం దాకా ఆ దారానికి రంగు లేదు.

"నీలం," అంది.

అమ్మ మడతపెడుతున్న బట్టను ఒళ్ళో పెట్టుకుంది.

"అవును. ఆవేళ వాడి చొక్కాయే కదా కుడుతున్నాను."